పంచదార చిలకలూ, పాత పతకాలూ

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిన్నది ఒక ప్రశ్న అడిగింది. "తాతయ్యా, నీ పెట్టెలో ఉన్న ఆ పతకాలతో చాక్లెట్టు కూడా కొనలేం కదా, మరి ఎందుకు దాచుకుంటున్నావు?" అని. పక్కనుంచి పెద్దాడు "అమ్మితే బోలెడు డబ్బులొస్తాయే" అని జవాబు కూడా చెప్పేశాడు. అమ్మడం సంగతి తరవాత చూద్దాం. ప్రశ్న మాత్రం మంచిది. ఫోన్‌లో తేలేది కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదవండి.

మీరు పంచదార చిలకలు చూశారు కదా? మీ అత్తయ్య సీమంతానికి పళ్ళేల్లో పెట్టారు, తెల్లవీ గులాబీ రంగువీ. మా చిన్నప్పుడు గోదావరి పక్క మా ఊళ్ళో వాటిని ఇంట్లోనే పోసేవాళ్ళు. చెక్క అచ్చు రెండు ముక్కలుగా ఉండేది. లోపలివైపు చిలక బొమ్మని గుంటగా చెక్కేవారు. ముందు అచ్చుని నీళ్ళలో నానబెట్టి, రెండు ముక్కలూ జోడించి తాడుతో బిగించి, పైనుంచి ముదురు పాకం పోసేది మా నాయనమ్మ. ఆరాక తాడు విప్పితే ముక్కూ, రెక్కమీద గీతలూ అన్నీ దిద్దినట్టు వచ్చేవి. మేం పిల్లలం చుట్టూ మూగి, విరిగిన చిలక ఎవరికి దక్కుతుందా అని చూసేవాళ్ళం. విరగనిది మాత్రం ఎవరూ ముట్టుకోవడానికి లేదు.

ఇప్పుడు చూడండి. వంటింట్లో డబ్బాలో ఉన్న పంచదార కాఫీలోకీ పాయసంలోకీ. దాన్ని నాణెం అనుకోండి. అది వాడకానికే పుట్టింది. చిలక కూడా పంచదారే, కానీ దాన్ని ఎవరూ కాఫీలో వేసి కలపరు. ఫలానా ఇంట్లో ఫలానా శుభకార్యం జరిగిందని పదిమందికీ తెలియాలని పోసింది అది. పతకమూ అంతే. నాణేలు కొట్టే లోహమే, చాలాసార్లు నాణేలు కొట్టే చోటే, అయినా దాని మీద రూపాయి అనో అణా అనో ఉండదు. ఒక పట్టాభిషేకమో, యుద్ధంలో గెలుపో, రజతోత్సవమో జరిగిందని గుర్తుగా కొట్టించి పంచుతారు.

ఇంకొకటి కూడా గమనించండి. పళ్ళెంలో చిలక ఉండాలా, ఏనుగు ఉండాలా, రథం ఉండాలా అని నిర్ణయించేది ఎవరు? పంపేవాళ్ళు. పుచ్చుకునేవాళ్ళని ఎవరూ అడగరు. పతకం మీద బొమ్మ కూడా కొట్టించినవాళ్ళ ఇష్టం. వాళ్ళు ఏం చెప్పాలనుకున్నారో అది బిళ్ళ మీద ఉంటుంది, ఏం చెప్పకూడదనుకున్నారో అది ఉండదు. ఆ రెండూ కలిపి చదవడంలోనే నాకు సరదా అంతా. ఒక కథ చెబుతాను, మీకే తెలుస్తుంది.

1799 మే 4న శ్రీరంగపట్నం కోట పడిపోయింది. టిప్పు సుల్తాన్ ఆ రోజే యుద్ధంలో చనిపోయాడు. దాడి చేసింది ఈస్టిండియా కంపెనీ సైన్యం. హైదరాబాద్ నిజాం సైన్యం కూడా కంపెనీ వైపే ఉంది. ఆ గెలుపుకి గుర్తుగా కంపెనీ ఒక పతకం చేయించింది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర సోహోలో మాథ్యూ బౌల్టన్ అనే ఆయనకి ఆవిరి యంత్రాలతో నడిచే టంకశాల, అంటే నాణేలు కొట్టే చోటు, ఉండేది. పతకం కొట్టింది అక్కడే. అచ్చులు కూక్లర్ అనే ఆయన చెక్కాడు. మన కోస్తా జిల్లాలని అప్పట్లో ఉత్తర సర్కారులు అనేవారు. అక్కడ చెలామణీకి 1794లో రాగి నాణేలు కొట్టి ఓడల్లో పంపింది కూడా ఈ సోహో టంకశాలే. అంటే మన తాతల తాతలు సంతలో ఉప్పూ చింతపండూ కొన్న పైసలూ, ఈ పతకమూ ఒకే చోట పుట్టాయన్న మాట.

ఇక బొమ్మ. ఒక సింహం ఒక పులిని కింద పడేసి తొక్కుతూ ఉంటుంది. సింహం ఇంగ్లీషువాళ్ళ గుర్తు, పులి టిప్పు గుర్తు. టిప్పుకి పులి అంటే ఎంత ఇష్టమంటే సింహాసనం మీదా, సైనికుల బట్టల మీదా, ఫిరంగుల మీదా పులో, పులి చారలో ఉండాల్సిందే. సింహం పైన ఒక జెండా, జెండా మీద అరబ్బీ అక్షరాలు. అర్థం: 'దైవసింహమే విజేత'. ఇదే మాటని టిప్పు తన ఆయుధాల మీద, పులి ముఖం ఆకారం వచ్చేలా అక్షరాలు అల్లి, చెక్కించుకునేవాడు. ఓడిపోయిన రాజు మాటని తీసుకుని గెలిచినవాళ్ళు తమ జెండా మీద రాసుకున్నారు! ఇది తెలిసిన రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

వెనకవైపు కోట గోడకి పడిన గండిలోంచి సైనికులు ఎక్కుతూ ఉంటారు. ఆకాశంలో సూర్యుడు. కోటలోవాళ్ళు ఎండకి అలిసి ఉండే మధ్యాహ్నం వేళ చూసి దాడి చేశారు, అందుకే సూర్యుడు. ఆ రాత్రి దివిటీల వెలుగులో శవాల మధ్య టిప్పుని వెతకడం గానీ, పట్టణాన్ని దోచుకోవడం గానీ అందులో లేవు. ఉండవు కూడా. అవి మనం వేరే చోట చదివి తెచ్చుకుని ఆ బొమ్మ పక్కన పెట్టుకోవాలి.

ఈ పతకాన్ని అయిదు రకాలుగా చేశారు. పెద్ద సేనాపతులకి బంగారం, తరవాతివాళ్ళకి బంగారు పూత వెండి, ఆ కింద వెండి, ఆ కింద కంచు, చివరికి మామూలు సిపాయిలకి తగరం. 1808లో పంచారు. అంటే గెలిచిన తొమ్మిదేళ్ళకి. మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు చాలామంది ఉండేవారు. పతకానికి దారం కట్టుకునే కొక్కెం పెట్టలేదు కాబట్టి, ఎవరికి వారే కంసాలి దగ్గరికి వెళ్ళి వేయించుకున్నారు. తగరం మెత్తని లోహం. జేబులో వేసుకున్నా, మెడలో వేసుకున్నా సింహం ముక్కు త్వరగా అరిగిపోతుంది. నన్ను ఏది కావాలో కోరుకోమంటే ఆ అరిగిన తగరం పతకమే కోరుకుంటాను. బంగారపుది భద్రంగా పెట్టెలో కూర్చుంది. తగరపుది ఒక మనిషి ఒంటి మీద తిరిగింది.

అరగడం అన్నాను కాబట్టి మళ్ళీ చిలకల దగ్గరికి వద్దాం. కొత్త అచ్చులో పోసిన చిలకకి కళ్ళు స్పష్టంగా వస్తాయి. ఏళ్ళ తరబడి వాడిన అచ్చులో పోస్తే ముక్కు మొద్దుగా వస్తుంది. పతకాల అచ్చులూ అంతే. కాకపోతే అవి ఉక్కువి, పాకం బదులు లోహపు బిళ్ళని మధ్యలో పెట్టి గట్టిగా నొక్కుతారు. నాణేనికి ఒక్క దెబ్బ చాలు. పతకం మీద బొమ్మ ఎత్తుగా లేవాలి కాబట్టి, కొట్టి, కాల్చి మెత్తబరిచి, మళ్ళీ కొడతారు. అందుకే పతకాన్ని కిటికీ దగ్గర పక్కవెలుతురులో కొంచెం వంచి పట్టుకుంటే నీడలు పడి బొమ్మకి ప్రాణం వస్తుంది.

నాకు ఈ పిచ్చి ఎలా పట్టుకుందో కూడా చెప్పాలి. మా నాయనమ్మ బోషాణంలో పాత పట్టుగుడ్డలో చుట్టిన వెండి పతకం ఒకటి ఉండేది. వాళ్ళ నాన్నగారు సర్కారు కొలువు చేసినప్పుడు వచ్చిందట. ఒకవైపు ఐదో జార్జి, మేరీ రాణి, ఇద్దరికీ కిరీటాలు. రెండోవైపు ఏవో తీగల్లాంటి అక్షరాలు. ఇంట్లో ఎవరికీ చదవడం రాదు. సంతరోజున గుడ్డలు అమ్మడానికి వచ్చే ఒక సాయిబుగారికి పారశీక భాష వచ్చని తెలిసి, నాయనమ్మని బతిమాలి పట్టుకెళ్ళాను. ఆయన గజం బద్ద పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, పతకాన్ని అంచు పట్టుకుని తిప్పి తిప్పి చూశారు. తరవాత వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదివి, ఇది ఢిల్లీ దర్బారుది నాయనా, చక్రవర్తి పేరూ బిరుదూ రాశారు అని చెప్పారు. మా ఊళ్ళో ఎవరూ చదవలేని మాటలు ఆయన నోట విన్నాక ఆ బిళ్ళ నాకు పూర్తిగా వేరే వస్తువైపోయింది.

ఐదో జార్జి పట్టాభిషేకానికి గుర్తుగా ఆ దర్బారు జరిగింది 1911 డిసెంబరు 12న. మీ చరిత్ర పుస్తకంలో ఉంటుంది చూడండి. రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నామనీ, బెంగాల్ విభజన రద్దు చేస్తున్నామనీ రాజు ప్రకటించింది అక్కడే. ఈ రోజు ఆ దర్బారుని మనం గుర్తుపెట్టుకునేది అందుకే. పతకం మీద మాత్రం ఆ ముక్క లేదు. ప్రకటించే క్షణం దాకా దాన్ని చాలా రహస్యంగా ఉంచారు. పతకానికి తెలిసింది కిరీటం ఒక్కటే.

ఒక్కోసారి పతకమే గొడవ తెచ్చిపెడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915 మే 7న లూసిటానియా అనే ఇంగ్లీషువాళ్ళ ప్రయాణికుల ఓడని జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. దాదాపు 1,200 మంది పోయారు. మ్యూనిక్‌లో కార్ల్ గోట్జ్ అనే పతకాల శిల్పి, ప్రయాణికుల్ని అడ్డం పెట్టుకుని ఆయుధాలు మోసుకెళ్ళారని ఎత్తిపొడుస్తూ ఒక పతకం చేశాడు. టికెట్ల కిటికీలో కూర్చుని టికెట్లు అమ్ముతున్నది ఒక అస్థిపంజరం! అయితే తేదీ మే 5 అని పడింది. ఇంగ్లీషువాళ్ళు ఊరుకుంటారా? చూశారా, ముంచడానికి రెండు రోజుల ముందే పతకం కొట్టించుకున్నారు అని ప్రచారం మొదలుపెట్టారు. అవతలివాళ్ళ చిలకతోనే తమ అచ్చు చేసుకున్నట్టు, అదే పతకానికి నకళ్ళు రెండు లక్షలకు పైగా చేసి, అట్టపెట్టెల్లో పెట్టి అమ్మారు. గోట్జ్ తరవాత తేదీ మార్చాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. నకళ్ళలో నెల పేరు ఇంగ్లీషు పద్ధతిలో ఉంటుంది, అసలుదాంట్లో జర్మన్ పద్ధతిలో. ఒక్క అక్షరం తేడా. భూతద్దం పట్టుకుని ఆ అక్షరం కోసం వెతికేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు.

పెద్దాడా, ఇప్పుడు నీ సంగతి. అమ్మడం, కొనడం తప్పని నేను అనను. ధర చూసి మాత్రం సేకరణ మొదలుపెట్టకు. ధర కోసం కొన్నవాడు పతకాన్ని తిప్పి వెనకవైపు చదవడు. వందేళ్ళు దాటినవాటిని చట్టప్రకారం పురావస్తువులుగా చూస్తారు. 1972 నాటి చట్టం ఉంది. కాబట్టి అమెరికాలో ఉన్న బాబాయికి సరదాగా పార్శిల్ చేద్దాం అనుకోవద్దు, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు.

చిన్నదానికి ఒక్క మాట. ఎవరింట్లోనైనా పాత పతకం కనిపిస్తే, నల్లబడిందని చింతపండు పెట్టి తోమకు. చిలకని నీళ్ళలో ముంచితే ముందు ఏం పోతుంది? ముక్కూ, రెక్కల మీద గీతలూ. ఇదీ అంతే, మురికితో పాటు బొమ్మ కూడా పోతుంది. ఆ నలుపు దాని వయసు. అంచులు పట్టుకో, మెత్తని గుడ్డలో పెట్టు, అంతే.

ఈ సెలవుల్లో హైదరాబాద్ వచ్చినప్పుడు సైఫాబాద్ టంకశాలకి తీసుకెళ్తాను. 1903లో కట్టింది, 1997లో పనంతా చర్లపల్లికి మారాక ఇప్పుడు మ్యూజియం అయింది. పురానీ హవేలీలో నిజాం రజతోత్సవానికి వచ్చిన కానుకలు కూడా ఉన్నాయి, ఒక పూట దానికి.

ఈలోగా ఒక పని చెయ్యండి. అమ్మ పర్సులోవీ, దేవుడి హుండీ డబ్బాలోవీ నాణేలన్నీ బల్ల మీద పోయండి. సంవత్సరం కింద బుల్లి నక్షత్రం ఉంటే హైదరాబాద్‌లో కొట్టింది. డైమండ్ గుర్తుంటే ముంబై, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. నాలుగు కుప్పలుగా వేరు చేసి, ఏది ఎక్కువుందో నాకు రాయండి. హుండీ డబ్బులు మళ్ళీ హుండీలోనే వెయ్యండి.

మీ
తాతయ్య