సంఘాలకు గ్రాంట్లు: అపోహలు, అసలు సంగతులు

శ్రీకాకుళంలో ఒక కుటుంబ ట్రస్టు తరఫున స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు చూసే పని నాది. దరఖాస్తులు చదవాలి, ఊళ్లకెళ్లి పని చూడాలి, ట్రస్టీల ముందు పెట్టాలి. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా ఎక్కడికెళ్లినా వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: జీతాలకు అడిగితే గ్రాంటు రాదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. సంఘాల్లోనే కాదు, ఇచ్చే కుటుంబాల్లోనూ పాతుకుపోయింది. "ప్రతి రూపాయీ పేదవాడికే చేరాలి" అంటారు పెద్దలు. మంచి మాటే. కానీ మన జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం సంగతి చూడండి. డయాలసిస్ మీద ఉన్న మనిషి వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లాలి, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు పడుతుంది. వైద్యం ఉచితమే అయినా, కవిటి పక్క పల్లెలో ఆ మనిషిని వేళకి ఆటో ఎక్కించాలి, పింఛను కాగితాలు కదిలించాలి, ఈ వారం ఎందుకు మానేశాడో ఇంటికెళ్లి కనుక్కోవాలి. ఇవన్నీ చేసేది సంఘం కార్యకర్త. ఆమెకు జీతం లేకపోతే ఆ పని లేదు. అయినా చాలా దరఖాస్తుల్లో ఆ జీతాన్ని "శిక్షణ ఖర్చులు" కింద దాచేస్తారు. దాచకండి. మనిషికి నెలకెంత, ఎన్ని ఊళ్లు తిరుగుతుంది, ఏం చేస్తుంది అని తిన్నగా రాయండి. ట్రస్టీలతో వాదించడానికి నాకు పనికొచ్చేది ఆ వివరమే.

పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు కదా అంటారు కొందరు. ఆ నియమం ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద వచ్చే విదేశీ నిధులది. 2020 సవరణతో 50 నుంచి 20కి తగ్గింది. అక్కడ కూడా సంస్థ నడిపే ఆసుపత్రిలో డాక్టరు జీతం, బడిలో టీచరు జీతం ఆ లెక్కలోకి రావు.

అపోహ: 80జీ ఉంటే చాలు.

80జీ అంటే ఆదాయపు పన్ను శాఖ సంఘానికి ఇచ్చే గుర్తింపు. దానివల్ల పన్ను తగ్గేది చందా ఇచ్చిన వ్యక్తికి. మాలాంటి ట్రస్టు ఆదాయానికి ముందే మినహాయింపు ఉంటుంది కాబట్టి మేం మొదట అడిగేది ధర్మసంస్థగా ఆదాయపు పన్ను శాఖ దగ్గర మీరు చేయించుకున్న నమోదు, అందరూ 12ఏ అనేది. ట్రస్టు తన ఏడాది ఆదాయంలో 85 శాతం ధర్మకార్యాలకు ఖర్చు చూపాలి. ఇంకో ట్రస్టుకు ఇచ్చిన దానిలో కూడా 85 శాతమే ఖర్చు కింద లెక్కకొచ్చేలా 2023లో నియమం మార్చారు. మా ఆడిటరు అన్ని కాగితాలు అడగడానికి కారణం ఇదే, మీ మీద అనుమానంతో కాదు.

అపోహ: ఇంగ్లీషులో రాయాలి.

"మాకు ఇంగ్లీసు రాదు, మాకెవులిస్తారు బాబూ" అని అడుగుతారు. తెలుగులోనే రాయండి. నేను ముందు తెరిచేది క్యాష్ బుక్కు. ఆటో అరవై రూపాయలు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎవరికోసం, పక్కన ఒక వేలిముద్ర. ఇలా రోజువారీగా రాసిన పుస్తకం ఉన్న సంఘం మీద నాకు నమ్మకం కుదురుతుంది. ఒకే పెన్నుతో, ఒకే రోజు కూర్చుని రాసిన ఓచర్లు చూడగానే తెలిసిపోతాయి.

అపోహ: తుఫాను వచ్చినప్పుడు ఇస్తే సరిపోతుంది.

2018 అక్టోబరులో తిత్లీ వచ్చి కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. బియ్యం, దుప్పట్లు లారీల్లో వచ్చాయి, అవసరమే. కానీ దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ రైతులతో పనిచేసే సంఘానికి ఒక్క ఏడాది గ్రాంటిచ్చి "ఫలితం ఏది?" అంటే ఏం చూపిస్తుంది? కనీసం మూడేళ్లు అడగండి. మా ట్రస్టీలకూ నేను చెప్పేది అదే.

అపోహ: అమెరికా నుంచి మనవాళ్లు పంపింది మన డబ్బే.

పాస్‌పోర్టు ఏ దేశానిదో చూడాలి. భారత పౌరుడు తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. నమోదున్న ఇంకో సంస్థ ద్వారా తెప్పించుకుందామన్నా 2020 నుంచి ఆ దారి మూసుకుపోయింది. డబ్బు ఖాతాలో పడకముందే, పంపేవాళ్లని పౌరసత్వం అడిగి రాసి పెట్టుకోండి.