తల స్కానింగ్: బరంపురంలో తరచూ వినే అపోహలు, వాస్తవాలు

బరంపురంలో స్కానింగ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. పర్లాకిమిడి నుంచి, ఇటు ఇచ్ఛాపురం నుంచి మన తెలుగువాళ్లు చాలామంది వస్తుంటారు. వాళ్ల నోట ఎక్కువగా వినేవి ఇవి.

అపోహ: సీటీ చిన్న పరీక్ష, ఎమ్మారై పెద్దది.

"డబ్బుకి చూడకండి బాబూ, పెద్దదే తీసేయండి" అంటారు, పక్షవాతం వచ్చిన మనిషిని ఆటోలోంచి దించుతూనే. ఆ సమయంలో ముందు తేలాల్సింది రక్తనాళం మూసుకుపోయిందా, చిట్లిందా అన్నది. నాళాన్ని మూసేసిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ని లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే ఇస్తారు. రక్తస్రావం అవుతున్నవాళ్లకి అదే ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. ఆ రక్తస్రావం సీటీలో నిమిషాల్లో కనబడుతుంది. ఎమ్మారైకి మామూలుగా ఇరవై నిమిషాలు, అరగంట కదలకుండా పడుకోవాలి. కంగారులో ఉన్న మనిషి పడుకోగలడా?

అయితే నాళం మూసుకుపోయిన కేసులో మొదటి గంటల సీటీ మామూలుగానే రావచ్చు. "స్కాన్‌లో ఏమీ లేదట" అని పేషెంట్‌ని ఇంటికి తీసుకెళ్లిపోకండి. అలాంటి స్ట్రోక్‌ని తొందరగా పట్టేది ఎమ్మారైలోని డిఫ్యూజన్ పద్ధతి.

ఫిట్స్ కేసుల్లో మరో తిరకాసు ఉంది. పంది మాంసం ద్వారా కొందరి పేగుల్లో చేరే బద్దెపురుగు (టేప్‌వార్మ్) పెట్టే గుడ్లు మన కడుపులోకి చేరితే, వాటి పిల్లలు మెదడులో తిత్తులు కట్టి ఫిట్స్ తెప్పిస్తాయి. పురుగున్న మనిషి మలంతో కలుషితమైన నీళ్లూ కూరగాయలే దారి కాబట్టి, శాకాహారులకీ వస్తుంది. బతికున్న తిత్తి ఎమ్మారైలో బాగా తెలుస్తుంది. చచ్చి సున్నం కట్టిన చుక్క మాత్రం సీటీలోనే స్పష్టం. అందుకే డాక్టరు రెండూ రాస్తే కమీషన్ కోసమేనని అనుకోకండి.

అపోహ: ఈఈజీలో తలకి కరెంటు పెడతారు.

పెట్టరు. మెదడులో పుట్టే కరెంటునే తలమీద అతికించిన తీగలతో రాసుకుంటారు, అంతే. 1924లో జర్మన్ డాక్టరు హాన్స్ బెర్గర్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఈఈజీ నార్మల్‌గా వచ్చినంత మాత్రాన ఫిట్స్ లేవని కాదు. ఆ అరగంటలో మెదడు ప్రశాంతంగా ఉండి ఉండొచ్చు. మాత్రలు మీ అంతట మీరు ఆపేయొద్దు.

అపోహ: అన్ని స్కాన్లలోనూ రేడియేషన్ ఉంటుంది.

ఎమ్మారైలో ఉండదు, ఉండేది అయస్కాంతం, చెవులు దిమ్మెక్కించే మోత. సీటీలో ఎక్స్‌రేలు ఉంటాయి. ఒక తల సీటీకి సుమారు 2 మిల్లీసీవర్టులు (రేడియేషన్ కొలత). మట్టి, గాలి, ఆకాశం నుంచి మనకి ఏడాదిలో ఎలాగూ అందేది దాదాపు అంతే. గర్భిణుల, పిల్లల విషయంలో మాత్రం ముందే చెప్పండి.

అపోహ: స్కాన్ మొదలయ్యాకే ఎమ్మారై అయస్కాంతం పనిచేస్తుంది.

అది రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. దాని బలం మామూలుగా 1.5 టెస్లా (అయస్కాంత బలానికి కొలత), అంటే భూమి అయస్కాంత బలానికి దాదాపు 30 వేల రెట్లు. పిన్నీసులు, తాయెత్తులు, మొలతాడు అన్నీ తలుపు బయటే తీసేయాలి. గుండెలో పేస్‌మేకర్, మెదడులో క్లిప్ ఉంటే దాని కార్డు తప్పకుండా తెచ్చుకోండి. పాత ఫిల్ములు కూడా.