ఠాణా, ఆసుపత్రి, కమిటీ, కోర్టు: బిడ్డ వెంట ఎవరు?

విశాఖలో ఓ చిన్నారిపై లైంగిక దాడి జరిగిందని ఫిర్యాదు అందితే, ఆ కేసు ఎన్ని గుమ్మాలు ఎక్కుతుందో చూడండి. పోలీస్ స్టేషన్, వైద్య పరీక్షకు ఆసుపత్రి, బాలల సంక్షేమ కమిటీ, వాంగ్మూలం తీసుకునే మేజిస్ట్రేట్, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) ప్రత్యేక కోర్టు, పరిహారం దగ్గరికొచ్చేసరికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ. హోం, వైద్య ఆరోగ్యం, స్త్రీ శిశు సంక్షేమం, న్యాయం... ఎవరి శాఖ వారిది, ఎవరి ఫైలు వారిది. వీటన్నిటి మధ్య తిరిగే పని మాత్రం చాలాకాలం ఆ తల్లిదండ్రుల మీదే పడింది.

2007లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ ఒక అధ్యయనం వెలువరించింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగితే, 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. ఎక్కువగా బయటపడిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారో, వాళ్లు నమ్మినవారో. ఇంట్లోవాడే నిందితుడైతే ఆ బిడ్డను స్టేషన్‌కు తీసుకెళ్లేదెవరు? అప్పటికి మగపిల్లల విషయంలో ఐపీసీలోని 377 సెక్షన్ (ప్రకృతి విరుద్ధ లైంగిక చర్యల నేరం) తప్ప పెద్దగా దిక్కు లేదు.

2012 నవంబర్ 14న పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది. బిడ్డ పదే పదే అదే బాధ చెప్పుకోకూడదన్న ఆలోచన దాని నిండా కనిపిస్తుంది. వాంగ్మూలం బిడ్డ ఇంటి దగ్గరే, లేదా బిడ్డకు నచ్చిన చోటే తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, అదీ యూనిఫాం లేకుండా రావాలి. ఆడపిల్ల అయితే మహిళా డాక్టరే పరీక్షించాలి. కోర్టులో నిందితుడు బిడ్డ కంటపడకూడదు. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక కోర్టుకు తెలియజేయాలి. భాష రాని బిడ్డకు దుబాసీని పెట్టాలి. మన్యంలోని పాడేరు వైపు కువి అనే గిరిజన భాష మాట్లాడే పిల్లలకు ఇది కాగితం మీది హక్కు కాదు, మొదటి అవసరం. అక్కడి నుంచి విశాఖకు ఘాట్ రోడ్డు మీద వంద కిలోమీటర్ల పైమాటే. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది గానీ, దూరం తగ్గలేదు కదా.

2015లో సఖి వన్‌స్టాప్ కేంద్రాల పథకం వచ్చింది. వైద్యం, కౌన్సెలింగ్, న్యాయసలహా ఒకే గొడుగు కిందికి తేవాలన్నది ఉద్దేశం. మంచిదే, కానీ అక్కడికి వచ్చినవాళ్లకే గొడుగు. బిడ్డ వెంట కోర్టు దాకా నడిచే మనిషి కావాలి.

ఆ మనిషి 2012 నాటి పోక్సో నిబంధనల్లోనే ఉన్నా, పని తీరు స్పష్టమైంది మాత్రం 2020 మార్చి నిబంధనలతోనే. పేరు సహాయక వ్యక్తి, సపోర్ట్ పర్సన్. బాలల సంక్షేమ కమిటీ నియమించాలి. దర్యాప్తు మొదలు తీర్పు దాకా బిడ్డకు తోడుండాలి, కేసు ఎంతవరకు వచ్చిందో ఇంటివాళ్లకు చెబుతుండాలి. తిండికీ బట్టలకీ ప్రయాణానికీ తక్షణ సాయం కమిటీ సిఫారసు చేస్తే, వారంలోగా చేతికందాలి. కూలి మానుకుని వాయిదాకు వచ్చే కుటుంబానికి బస్సు చార్జీ కూడా న్యాయంలో భాగమేనని నిబంధనలు ఇన్నాళ్లకు గుర్తించాయి.

అయినా చాలాచోట్ల నియామకాలు జరగలేదు. ఉత్తరప్రదేశ్‌లోని ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లాక, 2023 ఆగస్టులో కోర్టు తేల్చి చెప్పింది: సహాయక వ్యక్తి కావాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టానికి వదిలే విషయం కాదు.

ఇక మిగిలింది మనుషులు దొరకడం. అర్హత సోషల్ వర్క్, సైకాలజీ వంటి వాటిలో పీజీ, లేదా డిగ్రీతోపాటు కనీసం మూడేళ్ల అనుభవం. ఇచ్చేది నైపుణ్యం గల కార్మికుడి కనీస వేతనంతో సమానమైన మొత్తం. ఏళ్ల తరబడి వాయిదాలు నడిచే కేసులో, ఆ డబ్బుతో ఒకే మనిషి చివరిదాకా నిలబడతారని ఆశించడం నాకైతే అత్యాశగానే అనిపిస్తోంది. మధ్యలో మనిషి మారితే, బిడ్డ మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సిందే.