గుండెపోటు తర్వాత నైట్రేట్ మాత్ర: వెనుకున్న కథ

సూళ్లూరుపేట లోకల్‌లో వచ్చి చెన్నై సెంట్రల్‌లో దిగి, గుండె డాక్టరు దగ్గరికి వెళ్లే మన పెద్దవాళ్ల ఫైలు తెరిస్తే, ఎప్పటిదో గుండెపోటు నాటి చీటీ మడతల దగ్గర చిరిగి కనిపిస్తుంది. అందులో ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్‌తో పాటు, ఛాతీనొప్పి రాకుండా రోజూ వేసుకునే నైట్రేట్ మాత్ర ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ కూడా ఉంటుంది. స్టెంట్ వేశాక నొప్పి మళ్లీ రాకపోయినా కొందరికి ఆ మాత్ర ఏళ్ల తరబడి సాగుతూనే ఉంటుంది. "ఆపితే మళ్లీ ఎటాక్ వస్తుందేమో" అని ఇంట్లోవాళ్లకు టెన్షన్.

ఈ మందు మూలం నైట్రోగ్లిజరిన్. 1847లో ఇటలీలో అస్కానియో సోబ్రెరో దాన్ని తయారుచేసి, కాస్త నాలుకకు తగిలించుకుంటే విపరీతమైన తలనొప్పి వచ్చింది. తర్వాత ఆల్‌ఫ్రెడ్ నోబెల్ దాంతోనే డైనమైట్ చేశాడు. 1879లో లండన్ డాక్టరు విలియం మర్రెల్ దాన్ని బాగా పలచన చేసి ఛాతీనొప్పికి వాడిన అనుభవాన్ని ప్రకటించాడు.

అసలు పాఠం మాత్రం డైనమైట్ ఫ్యాక్టరీల్లో దొరికింది. సోమవారం పనిలోకి దిగిన కార్మికులకు తల పగిలిపోయేది. వారం గడిచేకొద్దీ ఒంటికి అలవాటై తగ్గిపోయేది. సెలవు తర్వాత మళ్లీ మొదలు. కొందరికైతే ఆ సెలవు రోజుల్లోనే ఛాతీనొప్పి వచ్చేది, ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. అంటే, ఎడతెగకుండా వాడితే మందు పని తగ్గుతుంది, ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదం. అందుకే రోజుకు రెండుసార్లు వేసుకునే మోనోనైట్రేట్ మాత్ర ఉదయం ఒకటి, ఏడు గంటల తర్వాత మధ్యాహ్నం ఒకటి అని రాస్తారు. రాత్రి ఒంటికి విరామం కావాలి. మన ఇళ్లలో రెండోది రాత్రి భోజనం తర్వాత ఇచ్చేస్తే ఆ విరామం పోతుంది.

మరి ప్రాణం కాపాడుతుందా? 1995లో వెలువడిన ఐసిస్-4 అధ్యయనంలో, గుండెపోటు వచ్చిందని అనుమానించిన 58,050 మందిని పరిశీలించారు. నెల రోజులు మోనోనైట్రేట్ ఇచ్చినా మరణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. అంతకు ముందు ఏడాది ఇటలీ అధ్యయనం జిస్సి-3లోనూ నైట్రేట్‌తో అదే ఫలితం. మందు ఇవ్వని వర్గంలోనూ సగానికి పైగా రోగులు వేరే అవసరాలకు నైట్రేట్లు వాడారు కాబట్టి, కొంత చర్చ మిగిలింది.

నొప్పి ఉన్నవాళ్లకు ఇది మంచి మందు, అందులో సందేహం లేదు. నొప్పే లేనివాళ్లకు ఎందుకు సాగుతోందో ఎవరూ అడగకపోవడమే నాకు బాధ. రివ్యూకి వెళ్లినప్పుడు "ఇది ఇంకా అవసరమా సార్?" అని అడగండి. సొంతంగా మాత్రం ఆపొద్దు. నొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర సంగతి వేరు, రోజూ వేసుకునేది ఆపినా డాక్టరు చెబితే అది జేబులో ఉండాల్సిందే.