వ్యాక్సిన్ పరిశోధనల మ్యాపులు: అపోహలు - వాస్తవాలు

విశాఖలో మెడికల్ పీజీలకు, పీహెచ్‌డీ చేసేవాళ్లకు బిబ్లియోమెట్రిక్స్ నేర్పడం నా పని. ఒక అంశం మీద ఏ దేశం నుంచి ఎన్ని పేపర్లు వచ్చాయి, ఎవరు ఎవరిని ఉదహరించారు, ఏ పదాలు కలిసి వస్తున్నాయి అని లెక్క కట్టి బొమ్మగా గీస్తాం. కోవిడ్ తర్వాత టీకాల మీద ఇలాంటి మ్యాపులు కుప్పలుగా వచ్చాయి. వాటితో పాటే అపోహలూ వచ్చాయి.

అపోహ: మ్యాపులో పెద్ద చుక్క ఉందంటే పెద్ద ప్రమాదం ఉన్నట్టే.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ఒక మ్యాపు స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో తిరిగింది. 'మయోకార్డైటిస్' (గుండె కండరం వాపు) అన్న చుక్క పెద్దగా, ఎర్రగా ఉంది. కింద "సైంటిస్టులే ఒప్పుకున్నారు" అని రాశారు. ఎంవీపీ కాలనీలో ఉండే తెలిసిన పెద్దాయన టెన్షన్ పడిపోయి, "అమ్మా, నేను రెండు డోసులూ వేయించుకున్నాను, నా గుండెకేమీ కాదు కదా?" అని ఫోన్ చేశారు.

వాస్తవం: చుక్క సైజు ఆ పదం ఎన్ని పేపర్లలో వచ్చిందో చెబుతుంది, ఎంతమందికి జబ్బు వచ్చిందో కాదు. ఎరుపుకీ ప్రమాదానికీ సంబంధం లేదు. ఈ మ్యాపులు గీసే వోస్‌వ్యూయర్ అనే సాఫ్ట్‌వేర్, కలిసి వచ్చే పదాల గుంపుల్లో అన్నిటికంటే పెద్దదానికి ఎరుపు, తర్వాతి దానికి ఆకుపచ్చ, ఆ తర్వాత నీలం తనంతట తానే వేస్తుంది. అరుదైన దుష్ప్రభావం మీదే ఎక్కువ పేపర్లు రావడం మామూలే, దాన్ని నిశితంగా గమనించాలి కాబట్టి. ఈ మయోకార్డైటిస్ ప్రధానంగా ఎంఆర్ఎన్ఏ టీకాల (ఫైజర్, మోడెర్నా లాంటివి) తర్వాత, అదీ ఎక్కువగా కుర్రవాళ్లలో, అరుదుగా కనిపించింది. ఆయన వేయించుకున్నది కోవిషీల్డ్, అది ఎంఆర్ఎన్ఏ టీకా కాదు. ఏ టీకాకైనా ప్రమాదం ఎంతో తెలియాలంటే ఎన్ని డోసులకు ఎన్ని కేసులు వచ్చాయో చూడాలి. ఆ లెక్క మా మ్యాపులో ఉండదు.

అపోహ: మ్యాపులో పైన ఉన్నవి ముఖ్యమైనవి, కింద ఉన్నవి కావు.

వాస్తవం: బొమ్మను తలకిందులు చేసినా అర్థం మారదు. చుక్కల మధ్య దూరమే చూడాలి.

అపోహ: "పేపర్ల డేటాబేస్‌లో కరోనా వ్యాక్సిన్ అని కొడితే అన్నీ వచ్చేస్తాయి కదా మేడమ్."

వాస్తవం: అలా కొడితే కోళ్లూ వస్తాయి. కోళ్ల ఫారాల్లో వేసే ఐబీ (ఇన్‌ఫెక్షియస్ బ్రాంకైటిస్) టీకా కూడా కరోనా కుటుంబపు వైరస్ మీద తయారైనదే, దాని మీద దశాబ్దాల పరిశోధన ఉంది. పిల్లుల కరోనా, పశువుల కరోనా సరేసరి. ఇంకోవైపు అవసరమైనవి జారిపోతాయి. కోవిడ్-19 అన్న పేరు పెట్టిందే 2020 ఫిబ్రవరి 11న. అంతకు ముందు వచ్చిన పేపర్లలో '2019-ఎన్‌కోవ్' అని ఆ వైరస్ తాత్కాలిక పేరు ఉంటుంది. 'పాండమిక్ వ్యాక్సిన్' అని వెతికితే 2009 స్వైన్ ఫ్లూ టీకాల పేపర్లూ కలుస్తాయి. మీ అంశం కోవిడ్ ఒక్కటేనా, అన్ని మహమ్మారులా అన్నది ముందే తేల్చుకోండి.

ఇక పేర్లు. మనవాళ్లలో ఇంటిపేరు ఒకరు ముందు రాస్తారు, ఒకరు చివర రాస్తారు, ఒకరు పొడి అక్షరాల్లో పెడతారు. సాఫ్ట్‌వేర్‌కి ఒక్క మనిషే ముగ్గురవుతారు, పదిమంది రావులు ఒక్కరవుతారు. ఊరి పేరూ అంతే. పాత పేపర్లలో ఆంధ్ర విశ్వవిద్యాలయం అడ్రసు వాల్తేరు అని ఉంటుంది, కొన్నిటిలో వైజాగ్, మిగతా వాటిలో విశాఖపట్నం. ఈ మూడింటినీ కలపకపోతే మన ఊరు మూడు చిన్న చుక్కలుగా చీలిపోతుంది. పనిలో ఎక్కువ భాగం ఈ శుభ్రం చేయడమే. మ్యాపు గీయడం నిమిషాల పని. పీజీలు దీన్ని తిరగేసి చేస్తుంటే నాకు నిజంగా బెంగగా ఉంటుంది.

అపోహ: సైటేషన్లు (వేరే పేపర్లు ఉదహరించిన సార్లు) ఎక్కువుంటే గొప్ప పేపర్.

వాస్తవం: ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాకీ ఆటిజానికీ ముడిపెడుతూ 1998లో లాన్సెట్‌లో వచ్చిన పేపర్‌ని 2010లో ఉపసంహరించారు. దాన్ని ఇప్పటికీ ఉదహరిస్తూనే ఉన్నారు, చాలావరకు అది తప్పని చెప్పడానికే. లెక్కలో మాత్రం తిట్టూ పొగడ్తా రెండూ ఒకటే. దీనికి ఎదురు ఉదాహరణ కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్ 2005లో 'ఇమ్యూనిటీ' పత్రికలో ఎంఆర్ఎన్ఏ మీద రాసిన పేపర్. వచ్చిన కొత్తలో దానికి పెద్దగా గుర్తింపు రాలేదు. ఫైజర్, మోడెర్నా టీకాలు నిలబడింది దాని మీదే, 2023లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది. 2010లో గీసిన ట్రెండ్ మ్యాపు చూసి ఎవరైనా నిధులు పంచి ఉంటే ఆ పని వాళ్ల కంట పడేదా?

అపోహ: స్కోపస్ (డబ్బు కట్టి వాడే పేపర్ల డేటాబేస్) సబ్‌స్క్రిప్షన్ లేని కాలేజీ ఈ పని చేయలేదు.

వాస్తవం: పబ్‌మెడ్ అనే వైద్య పేపర్ల డేటాబేస్ ఉచితం. 2022లో మొదలైన ఓపెన్ఎలెక్స్ డేటాబేస్ ఉచితం. వోస్‌వ్యూయర్ కూడా ఉచితమే, దాన్ని నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో తయారుచేశారు. డబ్బు లేదని ఆగిపోకండి. థీసిస్‌లో మాత్రం వెతికిన తేదీ, వాడిన పదాలు, కలిపిన పేర్ల జాబితా, ఒక పదం కనీసం ఎన్నిసార్లు వస్తే మ్యాపులోకి తీసుకున్నారో తప్పకుండా రాయండి. నేను ముందు చూసేది ఆ పేజీనే, మ్యాపు తర్వాత.