యుద్ధం నాటి ఫొటోలు: షాపుకొచ్చేవాళ్లు నమ్మేవి, ప్రింటు చెప్పేవి

విజయవాడ గవర్నర్‌పేటలో పాత ఫొటోలు స్కాన్ చేసి బాగుచేయడం నా పని. పెళ్లిళ్లవి, పోయిన పెద్దవాళ్లవి ఎక్కువగా వస్తాయి. ఈమధ్య మాత్రం రెండో ప్రపంచ యుద్ధం నాటిదనో, ఇంకో పాత యుద్ధం నాటిదనో ఫొటో తెచ్చేవాళ్లు, వాట్సాప్‌లో వచ్చింది చూపించి "ఇది నిజమేనా అండీ?" అని అడిగేవాళ్లు పెరిగారు. వాళ్ల నోట తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: ఎముకలు తేలిన మనుషులు గుంపుగా కూర్చున్న ఫొటో, యుద్ధం నడుస్తుండగా వచ్చిన 1943 బెంగాల్ కరువుది.

వాస్తవం: చాలాసార్లు అది విలోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి 1876-78 మద్రాసు కరువులో తీసినది. అంటే మన ధాత నామ సంవత్సరపు కరువు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడిపోయిన కరువు. గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. హూపర్ వాళ్లను ఒకచోట చేర్చి, కూర్చోబెట్టి, కెమెరాకి ఎదురుగా పెట్టి తీశాడు. బెంగాల్ కరువు నాటికి సునీల్ జానా లాంటివాళ్లు కెమెరా చేత్తో పట్టుకుని ఊళ్లు తిరిగారు. ఆ ఫొటోల్లో దారి, గంజి కేంద్రం, పక్కనుంచి పోయే జనం కూడా కనబడతారు.

ఇదే ఫొటోని "గుంటూరు డొక్కల కరువు" అని పంపేవాళ్లూ ఉన్నారు. డొక్కల కరువు 1832-33లో వచ్చింది. ఫొటో తీసే పద్ధతి లోకానికి తెలిసిందే 1839లో. ఇక దాని మీద వాదన దేనికి?

హూపర్ గురించి ఇంకో ముక్క చెప్పాలి. 1886లో బర్మాలోని మాండలేలో ఖైదీలను కాల్చి చంపేటప్పుడు, తన ఫొటో కోసం ఆ పని కాసేపు ఆపించాడని ఆరోపణ వచ్చి, విచారణ కూడా జరిగింది. అది తెలిశాక ఆ కరువు ఫొటోల్లో మనుషుల్ని సామానులా సర్దిన తీరు నాకు వింతగా అనిపించలేదు.

అపోహ: సర్ది తీశారంటే ఆ ఫొటో అబద్ధమే.

వాస్తవం: ఏది సర్దారో చూడాలి. లక్నో సికందర్ బాగ్‌లో 1857 నవంబరులో దాదాపు 2000 మంది సిపాయిలు చనిపోయారు. ఫొటోగ్రాఫర్ ఫెలీచే బియాటో అక్కడికి చేరింది 1858లో, నెలల తర్వాత. ఆవరణలో పరుచుకున్న ఎముకలు ఫొటో కోసం పెట్టినవి. చావులు నిజం, ఎముకలు అలా పడి ఉండటం నిజం కాదు.

1942లో క్రిమియాలోని కెర్చ్ దగ్గర శవాల మధ్య తమవాళ్లను వెతుక్కుంటున్న ఆడవాళ్లను సోవియట్ ఫొటోగ్రాఫర్ దిమిత్రి బాల్టర్‌మాంట్స్ తీశాడు. ఆ ఏడుపులో నటన లేదు. పైన కమ్ముకున్న మబ్బులు మాత్రం తర్వాత డార్క్‌రూమ్‌లో చేర్చినవి. నన్నడిగితే ఆ మబ్బులు అక్కర్లేదు. కింద ఉన్నది చాలు.

దీనికి తిరగేసిన కేసూ ఉంది. 1945లో జపాన్ దీవి ఇవో జిమాలో కొండ మీద అమెరికా సైనికులు జెండా ఎత్తిన ఫొటోని ఫొటోగ్రాఫర్ జో రోసెంతాల్ పోజు పెట్టించి తీశాడని చాలామంది నమ్ముతారు. అదే కొండ మీద అదే రోజు ఎత్తిన రెండో జెండా అది. పోజు మాత్రం కాదు.

అపోహ: ఏఐతో రంగులు వేస్తే అప్పుడు ఎలా ఉండేదో తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. ఆ రోజుల్లో స్టూడియోల్లో బాగా వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకి ఎరుపు పట్టదు. ఎర్రచీర, కుంకుమబొట్టు నల్లగా పడతాయి. యాప్ ఆ నలుపు చూసి నల్లచీర కట్టేస్తుంది. యూనిఫారం ఉంటే చాలు, ఖాకీ పూసేస్తుంది. బర్మా అడవుల్లో పోరాడిన మనవాళ్లకు తర్వాతి ఏళ్లలో ఆకుపచ్చ బట్టలు ఇచ్చారు. కస్టమర్ రంగు వేయమంటే వేస్తాను, కానీ అసలు స్కాన్ వేరే ఫైల్‌గా చేతికి ఇవ్వందే పంపను.

అపోహ: కాగితం పసుపుపచ్చగా ఉంటే పాత ప్రింటే.

వాస్తవం: టీ నీళ్లలో ముంచినా ఆ రంగు వస్తుంది. నేను చేసే మొదటి పరీక్ష ఖర్చు లేనిది: దొంగనోట్లు పట్టుకునే అల్ట్రావయొలెట్ లైటు. గది చీకటి చేసి ప్రింటు వెనక వైపు చూడాలి. తెల్లదనం కోసం కాగితంలో కలిపే మెరుపు రసాయనాలు ఫొటో పేపర్లలోకి 1950ల్లో వచ్చాయి. నీలంగా మెరిస్తే అది 1943లో వేసిన ప్రింటు కాదు. మెరవకపోతే మాత్రం పాతదని తేలినట్టు కాదు, తర్వాతి పేపర్లు కొన్ని మెరవవు. ఎవరైనా సబ్బుపొడి నీళ్లతో తుడిచి ఉంటే పాతది కూడా మెరవొచ్చు. పాత నెగటివ్ నుంచి తర్వాత వేసిన ప్రింటు దొంగది కాదు, దాని వయసు వేరు, అంతే.

అపోహ: యుద్ధం ఫొటో అంటే బాంబులు, శవాలు. ఇంట్లో ఫొటోలు అందులోకి రావు.

వాస్తవం: నేను చూసినవాటిలో మర్చిపోలేనిది రంగంలో, అంటే బర్మాలోని రంగూన్‌లో తీయించుకున్న స్టూడియో ఫొటో. కాకినాడ వైపు నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ కుటుంబానిది. పూలకుండీ, గీసిన తెర, కుర్చీలో భర్త, పక్కన నిలబడ్డ భార్య, ఆమె చేతిలో బిడ్డ. వెనక స్టూడియో ముద్ర, కింద పెన్సిలుతో తేదీ. 1942లో జపాన్ సేనలు రంగూన్ మీదికి వస్తుంటే లక్షలమంది భారతీయులు బర్మా వదిలారు. ఎంతోమంది అడవులు, కొండలు దాటి నడిచే వచ్చారు. కలరా, ఆకలి దారిపొడుగునా ప్రాణాలు తీశాయి. ఈ ఫొటో నాలుగు మడతలు పడి ఉంది. ఒక మడత సరిగ్గా ఆమె మొహం పక్కనుంచి పోతుంది. చీరకొంగులో మూటగట్టి తెచ్చిందట. మనవడు మడతలు తీసేసి నున్నగా ఇవ్వమన్నాడు. మడతలు ఉన్నదొకటి, తీసిందొకటి రెండూ చేసి ఇచ్చాను. ఆ దారి గురించి ఆ ఇంట్లో మిగిలిన సాక్ష్యం ఆ మడతలే.

అపోహ: లామినేషన్ చేయిస్తే భద్రం.

వాస్తవం: వద్దు. వేడికి పైపొర పాడవుతుంది, ఒకసారి అతికితే తీయలేం. మన ఊరి వానాకాలం తేమకి బూజు పడుతుంది కాబట్టి ఆమ్లం లేని కాగితం కవర్లో, బీరువాలో పైఅరలో పెట్టండి. అద్దానికి అంటుకుపోయిన ఫొటోని పీకొద్దు, నీళ్లు చల్లొద్దు. ఫ్రేముతో సహా తెండి, ముందు అద్దం మీదనుంచే స్కాన్ తీస్తాం.