కాలిన కొండ కింద అర అంగుళం వాన

2018 జనవరి 9, తెల్లవారకముందు. కాలిఫోర్నియాలో కొండలకీ సముద్రానికీ నడుమ ఉన్న మాంటెసిటో అనే చిన్న ఊళ్లో జనం నిద్రలో ఉన్నారు. మూడున్నర దాటాక కొండల మీద ఒక్కసారిగా కుండపోత. దంచికొట్టింది ఐదు నిమిషాలే, పడింది అర అంగుళం పైచిలుకు. మన తుపాను వానలు చూసినవాళ్లకు అదొక లెక్కలోది కాదు. కానీ కాసేపటికే వాగులు కార్లంతేసి బండరాళ్లను దొర్లించుకుంటూ ఇళ్ల మీదికి వచ్చిపడ్డాయి. 23 మంది చనిపోయారు. వందకు పైగా ఇళ్లు కొట్టుకుపోయాయి. 101 హైవే దాదాపు రెండు వారాలు మూతపడింది.

ఐదు వారాల ముందు మొదలైన థామస్ కార్చిచ్చు ఆ కొండలను బోడి చేసింది. మొత్తం 2,80,000 ఎకరాలకు పైగా కాలింది. చెట్టూ చేమా పోతే మట్టి జారుతుందని అందరికీ తెలుసు. అసలు సంగతి మట్టి లోపల ఉంది.

అక్కడి పొదల ఆకుల్లో మైనం, నూనెలు ఎక్కువ. అవి కాలినప్పుడు వచ్చే ఆవిరి కొంత నేలలోకీ దిగుతుంది. కాస్త లోతున చల్లటి మట్టి తగలగానే పేరుకుని రేణువులకు పూతలా అంటుకుంటుంది. వేసవిలో వాకిట్లో నీళ్లు చల్లితే మొదటి చుక్కలు దుమ్ము పూసుకుని ఉండలై దొర్లుతాయి, చూసే ఉంటారు. కాలిన కొండ మీద బూడిదను కొద్దిగా పక్కకు తీసి నీళ్లు పోస్తే అంతకంటే మొండిగా, తామరాకు మీద బొట్టులా నిలబడిపోతాయి.

మామూలుగా కొండచరియలు విరిగిపడేది రోజుల తరబడి నాని, బరువెక్కి. ఇక్కడ నేల నానదు, నీరంతా పైనుంచే పరుగు తీస్తుంది. అందుకే రోజంతా ఎంత కురిసిందన్నది కాదు, ఎంత జోరుగా కురిసిందన్నదే ముఖ్యం. అరగంటలో 7 మిల్లీమీటర్లు పడినా దక్షిణ కాలిఫోర్నియాలో ఇలాంటి ప్రవాహాలు పుట్టిన సందర్భాలున్నాయి. ముందు వేలెడంత చాళ్లు పడతాయి. అవి బూడిదను, ఇసుకను, గులకరాళ్లను ఊడ్చుకుంటూ లోయలో కలుస్తాయి. అప్పటికి అది నీరు కాదు, కలిపిన కాంక్రీటు. ఆ చిక్కదనమే బండలను ఎత్తి మోసుకుపోతుంది.

మాంటెసిటో వాగుల మీద రాళ్లను, బురదను పట్టి ఆపే గుంతలు ముందే ఉన్నాయి. ఆ రాత్రి అవి నిండి పొర్లాయి. అధికారులు ఒక రోడ్డును హద్దుగా పెట్టి, పైనున్నవాళ్లను తప్పనిసరిగా వెళ్లమన్నారు. కిందివాళ్లను జాగ్రత్తగా ఉండమని వాళ్ల ఇష్టానికి వదిలారు. బురద ఆ రోడ్డు దగ్గర ఆగలేదు. డిసెంబరులో మంటలకు భయపడి ఇళ్లు వదిలి, ఈమధ్యే తిరిగొచ్చినవాళ్లు మళ్లీ మూటాముల్లె సర్దుకోలేక ఉండిపోయారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. కళ్లెదుట మంట కనిపిస్తే ఎవరైనా పరుగెడతారు. మబ్బును చూసి ఇల్లు వదలమంటే కాళ్లు కదలవు.

కాలిఫోర్నియా కొండల కింద ఇళ్లున్న మనవాళ్లు ఎవరైనా ఉంటే, ఎగువన ఎక్కడ కాలిందో కనుక్కోమని చెప్పండి. మొదటి రెండేళ్ల వానాకాలాలు చాలా ప్రమాదం.

థామస్ మంటలు పూర్తిగా అదుపులోకి వచ్చాయని ప్రకటించింది జనవరి 12న. అప్పటికి మాంటెసిటోలో బురద కింద గాలింపు మొదలై మూడు రోజులైంది.